తేటవాగు అక్కచెల్లెళ్ళు

శ్వేతగిరి రాజ్యంలో ఒక ఏడు వేసవి మొదట్లోనే తేటవాగు ఎండిపోయింది. మామూలు వాగు ఎండితే పొలాలు బీటలు తీస్తాయి, పశువులు అల్లాడతాయి. ఈ వాగు ఎండితే మాత్రం చదువుకునే పిల్లలు మంచం పట్టారు.

తేటవాగు ఎక్కడో కొండల్లో పుట్టి, రాజ్యంలోని విద్యాపీఠం ముంగిట్లోంచి పారేది. అక్కడ చదివే మూడు వందల మందీ ఆ నీళ్ళే తాగేవారు. ఆ నీళ్ళలో ఏ మహిమ ఉందో గాని, వాళ్ళకు తిన్న అన్నం రుచిగా ఉండేది, ఆడిన ఆట సరదాగా ఉండేది. చదివే చదువు ఎందుకో, రేపు అది ఎవరికి అక్కరకొస్తుందో కూడా మనసుకు తెలుస్తూ ఉండేది. వాగు ఎండిన పదిరోజులకు ఆ రెండూ పోయాయి. వంటవాళ్ళు పులిహోర చేసినా, గంజి పోసినా పిల్లలకు ఒకటే అయింది. తాటాకు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గంటల తరబడి గోడకేసి చూస్తూ కూర్చునేవారు. చివరికి కూర్చోవడం కూడా మానేసి పడుకున్నారు.

ఆ విద్యాపీఠంలో వైద్యం నేర్చుకుంటున్న వకుళ అనే పదహారేళ్ళ అమ్మాయి ఒక్కతే ఈ బాధ తప్పించుకుంది. ఆమె తండ్రి గంగులు రేవులో పడవ నడిపేవాడు. ఆయన కాలు విరిగిందని కబురు వస్తే వకుళ ఇంటికి వెళ్ళింది. నెలరోజులు ఆయనకు కట్లు కట్టి, ఆయన బదులు తనే పడవ నడిపి, కాలు కుదుటపడ్డాక తిరిగి వచ్చింది. వచ్చేసరికి విద్యాపీఠం వాకిట్లో చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.

ఆమె గబగబా చిన్నపిల్లల గదిలోకి వెళ్ళింది. ఎనిమిదేళ్ళ పల్లవి చాప మీద పడుకుని ఉంది. ఆ పిల్ల చేతిలో ఎవరో పెట్టిన మామిడిపండు ముక్క అలాగే ఉంది. దాని చుట్టూ చీమలు పట్టాయి.

"ఏమ్మా, తినలేదేం? నీకు మామిడిపండంటే ప్రాణం కదూ!" అంది వకుళ, చీమలు దులుపుతూ.

పల్లవి ఆమెకేసి చూసింది. "తిని ఏం చెయ్యాలక్కా?" అంది.

ఆ ప్రశ్న విని వకుళ పరుగున మందుల గదికి వెళ్ళింది. ఆమె తనకు తెలిసిన మందులన్నీ నూరింది. కషాయాలు కాచింది. ఏదీ పనిచేయలేదు. రెండో రోజు ఆమె ప్రధానాచార్యుడైన శివదత్తుడి దగ్గరికి వెళ్ళింది. ఆ సమయానికి జయకేతు మహారాజు కూడా అక్కడే తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

"ఇది మందులకు లొంగే రోగం కాదు తల్లీ," అన్నాడు శివదత్తుడు. "తేటవాగు ఊట దగ్గర ఇద్దరు యక్షిణులు ఉండేవారు. అక్కచెల్లెళ్ళు. పెద్దది ధృతి, చిన్నది ప్రమోదిని. ఇద్దరూ చెరో కడవతో నీళ్ళు వంచితే ఈ వాగు పుట్టింది. చెల్లెలి కడవలో సుఖం, అక్క కడవలో జీవితానికో అర్థం. రెండూ కలిసే పారేవి గనక మనకు తేడా తెలియలేదు. మొన్న వసంతోత్సవానికి ఇద్దరూ మన విద్యాపీఠానికి వచ్చారు."

"మిగిలింది నేను చెబుతాను," అన్నాడు రాజు. "వాళ్ళను గౌరవిద్దామని ఒక రత్నకిరీటం చేయించానమ్మా. ఒకటే చేయించాను. నిండు సభలో లేచి, 'ఈ పిల్లలంతా ఇంత ఆనందంగా ఉండడానికి మీ ఇద్దరిలో కారణం ఎవరో సెలవివ్వండి, ఆమెకే ఈ కిరీటం' అన్నాను. అంతకుముందు వాళ్ళకు ఆ ఆలోచనే లేదు. అప్పటికప్పుడు మాటా మాటా పెరిగింది. చెల్లెలు లోయలోకి వెళ్ళిపోయింది. అక్క కొండ ఎక్కేసింది. వాళ్ళతోనే వాగూ పోయింది."

పిల్లలు పూర్తిగా మంచం పట్టకముందే ఇద్దరు వాళ్ళను వెతకడానికి వెళ్ళారు. ఒకడు రాకుమారుడు రత్నాంగదుడు. రెండోది వకుళ గదిలోనే ఉండే సుమేధ. విద్యాపీఠంలో సుమేధను మించిన చదువరి లేదు. ఇద్దరూ తిరిగి రాలేదు.

"మృగశిర కార్తెకు ఇంకా పన్నెండు రోజులే ఉంది," అన్నాడు శివదత్తుడు. "ఆలోగా నీళ్ళు కదలకపోతే ఊట పూర్తిగా రాయి అయిపోతుంది. ఆ తరవాత ఈ పిల్లలు లేవరు."

"నేను వెళ్తానండి," అంది వకుళ.

రాజు ఉలిక్కిపడ్డాడు. "సైన్యాన్ని తోడు పంపుతాను."

"వద్దు మహారాజా. అలిగి వెళ్ళినవాళ్ళ దగ్గరికి కత్తులు పట్టుకుని వెళ్తే ఇంకా అలుగుతారు."

ఆమె కాస్త అటుకులు, బెల్లం మూట కట్టుకుని, ఎండిన వాగు అడుగున ఇసుకలో ఎగువకు నడక మొదలుపెట్టింది. మొదటిరోజు పొలాలు దాటింది. రెండోరోజు వెదురు అడవి వచ్చింది. మూడోరోజు చెప్పు తెగింది. నాలుగోరోజు మధ్యాహ్నానికి పాదాలు బొబ్బలెక్కి, రాళ్ళు గుచ్చుకుని నెత్తురు కారుతున్నాయి. అక్కడ వాగు దారి రెండుగా చీలింది. చీలిక మధ్యలో ఎద్దుబండంత ఏదుపంది ఒకటి కూర్చుని ఉంది. దాని ముళ్ళు ఒక్కొక్కటి బల్లెమంత పొడుగున్నాయి.

"ఆగు," అంది ఏదుపంది. "ఇటు వచ్చినవాళ్ళను ఒక్క మాట అడిగి పంపడం నా పని. ఎందుకొచ్చావు?"

వకుళ ఒక అడుగు వెనక్కి వేసింది. "తప్పు జవాబు చెబితే చంపేస్తావా?"

"జవాబులో తప్పొప్పులు నేను చూడను. ఉన్నమాట చెప్పు చాలు. లోపల ఒకటి పెట్టుకుని బయటికి ఒకటి చెబితే మాత్రం ఈ ముళ్ళు వాటంతటవే లేస్తాయి. అప్పుడు నేను ఆపినా ఆగవు."

"మా తోటివాళ్ళు మూడు వందల మంది మంచంలో ఉన్నారు. వాళ్ళను లేపాలి. అందుకే వచ్చాను," అంది వకుళ.

గలగలమని ముళ్ళు సగం పైకి లేచాయి. "ఇంకా ఏదో దాచావు," అంది ఏదుపంది.

వకుళ ముఖం ఎర్రబడింది. నేలచూపులు చూస్తూ అంది: "ఇంకోటి కూడా ఉంది. నాన్న పడవ మీంచి రోజూ ఈ కొండలు కనపడేవి. వీటి అవతల ఏముందో చూడాలని చిన్నప్పటినుంచీ నాకు మహా సరదా. వెదురు అడవిలో నడుస్తుంటే నిజంగా సంతోషం వేసింది కూడా. అక్కడ మావాళ్ళు అలా పడి ఉంటే నాకు సంతోషమేమిటని సిగ్గేసి చెప్పలేదు."

ముళ్ళన్నీ మెత్తగా వీపు మీద వాలిపోయాయి. ఏదుపంది ముందుకు వంగి ఆమెను వింతగా చూసింది.

"నీకు ముందొచ్చిన కుర్రవాడు, సరదా కోసం అన్నాడు. ఎడమ దారిన పంపాను. ఆ తరవాత వచ్చిన అమ్మాయి, కర్తవ్యం కోసం అంది. కుడి దారిన పంపాను. వాళ్ళు చెప్పింది నిజమే, ముళ్ళు లేవలేదు. వాళ్ళకు ఉన్నది ఆ ఒక్కటే. నీకు రెండూ ఉన్నాయి. నువ్వు ఏ దారినైనా వెళ్ళొచ్చు. వెళ్ళినచోటినుంచి బయటికీ రాగలవు."

వకుళ రెండు దారులూ చూసింది. కుడిది నిట్టనిలువుగా ఉంది. ఎడమది పల్లంలోకి దిగుతోంది. నొప్పెడుతున్న పాదాలు ఎడమవైపుకే మొగ్గాయి.

పల్లంలో ఒక లోయ ఉంది. అలాంటి చోటు ఆమె కలలో కూడా చూడలేదు. సన్నజాజి పందిళ్ళ కింద పట్టు ఊయలలు కట్టి ఉన్నాయి. పనసతొనల వాసన, మిఠాయి పాకం వాసన కలిసి గాలిలో తేలుతున్నాయి. ఎవరూ తాకకుండానే వీణలు మోగుతున్నాయి. నానా దేశాల నుంచీ వచ్చిన యువకులూ యువతులూ మెత్తటి పరుపుల మీద వాలి ఉన్నారు. వాళ్ళ మధ్యన పసుపుపచ్చ చీర కట్టుకున్న ప్రమోదిని చేతిలో పళ్ళెంతో అటూ ఇటూ పరుగెడుతోంది.

"అయ్యో అయ్యో, ఆ కాళ్ళు చూడు!" అంటూ ఆమె వకుళను పట్టుకుని కూర్చోబెట్టింది. గోరువెచ్చని పన్నీటితో పాదాలు కడిగింది. వెన్న రాసింది. పాలతాలికలు చేసి గిన్నె నిండా పెట్టింది.

వకుళ తింది. నిద్రపోయింది. లేచి ఊయల ఊగింది. సెలయేట్లో నున్నటి బండ మీంచి జారి నీళ్ళలో పడింది. పడి, పకపకా నవ్వింది. ఆ నవ్వు తనదేనా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. నాన్న కాలు విరిగిన రోజు నుంచీ ఆమె నవ్వలేదు. ఇన్నాళ్ళూ బిగుసుకుపోయిన భుజాలు ఆ పూట వదులయ్యాయి. పుళ్ళు మానాయి. ఈ సుఖం మాయా కాదు, మోసమూ కాదు, తనకు ఇది నిజంగా అవసరమైందని ఆమె ఒప్పుకుంది.

రెండోరోజు పాలతాలికలు బాగున్నాయి. మూడోరోజు గిన్నెలో సగం మిగిలిపోయాయి. పక్క ఊయలలో ఎవరో పెద్దగా ఆవలించారు. చూస్తే రాకుమారుడు రత్నాంగదుడు.

"రాకుమారా! మీరిక్కడే ఉన్నారా? విద్యాపీఠంలో పిల్లలు..."

"తెలుసు వకుళా," అన్నాడతడు మెల్లగా. "ఒక్క రోజు ఉండి వెళ్దామనుకున్నాను. ఈ మిఠాయి విసుగొచ్చింది, రేపటిది బాగుంటుందేమో చూసి వెళ్దామనుకున్నాను. ఇప్పటికి ఎన్ని రేపులయ్యాయో." అతడి కళ్ళకింద నల్లటి చారలున్నాయి. లోయలో అందరి కళ్ళూ అలాగే ఉన్నాయి.

వకుళ ప్రమోదినిని వెతుక్కుంటూ వంటసాలకు వెళ్ళింది. ఆమె పొయ్యి ముందు కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"నిన్న నా బొబ్బట్లు కూడా వద్దన్నారు," అంది ప్రమోదిని. "రోజుకో కొత్త వంట, కొత్త పాట, కొత్త ఊయల. అయినా వాళ్ళ ముఖాలు వాడిపోతున్నాయి. నాకు ఓపిక అయిపోతోంది పిల్లా. ఇదివరకు ఇలా ఉండేది కాదు. పొద్దంతా చదివో, పొలం పనిచేసో వచ్చిన పిల్లలకు ఇంత బెల్లం ముక్క పెడితే ఎగిరి గంతేసేవారు."

"మరి మీ అక్కగారి దగ్గరికి వెళ్దాం రండమ్మా."

ప్రమోదిని కళ్ళు ఎర్రబడ్డాయి. "నిండు సభలో నన్ను పనీపాటా లేనిదానివంది. అది వచ్చి పిలిస్తేనే వస్తాను. లేకపోతే దాని మొహం చూడను."

ఎంత బతిమాలినా ఆమె కదల్లేదు. వకుళ తిరిగి వస్తూ లోయ చివర ఒక చోట ఆగింది. అక్కడ గట్టు విరిగిపడి చిన్న కాలవ పూడిపోయింది. అవతల బండల మధ్య ఒక లేళ్ళ గుంపు ఎండిన గుంట చుట్టూ తిరుగుతోంది. ఒక పిల్ల లేడి మట్టిని నాకుతోంది.

ఆమె పరుగున వెళ్ళి రత్నాంగదుడి చెయ్యి పట్టుకుని ఊయలలోంచి లాగింది. "లేవండి. ఒంటరిగా నావల్ల కాదు."

అతడు గొణుగుతూ వచ్చాడు. లేళ్ళను చూశాక గొణగడం మానేశాడు. ఇద్దరూ వెదురు కర్రలతో మట్టి తవ్వారు. రాళ్ళు ఎత్తిపోశారు. రాకుమారుడి అరచేతులు పొక్కాయి. చెమట కళ్ళలోకి కారింది. మధ్యాహ్నం తిరిగేసరికి కాలవ తెగి, సెలయేటి నీళ్ళు బుడబుడమంటూ గుంటలోకి దిగాయి. ముందు పిల్ల లేడి మూతి పెట్టింది. తరవాత గుంపంతా వచ్చింది. నీళ్ళు తాగుతూ పిల్ల లేడి ఒక్కసారి తుమ్మింది. ఆ తుమ్ముకు రత్నాంగదుడు కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి మట్టిలోనే చతికిలపడ్డాడు.

"నాకు ఆకలేస్తోంది వకుళా!" అన్నాడు ఆశ్చర్యంగా. "నెలరోజుల తరవాత ఆకలేస్తోంది!"

వెనక ప్రమోదిని నిలబడి ఇదంతా చూసింది. నిన్నటి బొబ్బట్లే పళ్ళెంలో పెట్టి తెచ్చింది. అతడు ఆరు తిన్నాడు. ఆమె ఖాళీ పళ్ళెం పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున్నే వకుళ, రత్నాంగదుడు కొండదారి పట్టారు. అది ఎనిమిదోరోజు. సాయంత్రానికి వాళ్ళకు ఉలుల చప్పుడు వినిపించింది.

కొండ మీద ధృతి పెద్ద ఆనకట్ట కట్టిస్తోంది. వర్షాకాలంలో కొండవరద విరుచుకుపడి కింది ఊళ్ళను ముంచేస్తోందని, దాన్ని ఆపడానికి ఆ కట్ట. వందమంది రాళ్ళు మోస్తున్నారు, చెక్కుతున్నారు. ఎవరూ తలెత్తి చూడడం లేదు. దగ్గరికి వెళ్ళాక వకుళ కెవ్వున అరవబోయి నోరు మూసుకుంది. వాళ్ళందరి కాళ్ళూ బూడిదరంగు రాయిగా మారిపోయి ఉన్నాయి. కొందరికి పాదాల దాకా, కొందరికి మోకాళ్ళ దాకా. అందరికంటే ముందున్న అమ్మాయి నడుం దాకా రాయై, కదలలేక, ఉన్నచోటనే రాయి చెక్కుతోంది.

"సుమేధా!"

సుమేధ ఉలి ఆపలేదు. "నువ్వా వకుళా. మాట్లాడే తీరిక లేదే. ఈ కట్ట పూర్తికాకపోతే ఊళ్ళు మునుగుతాయి."

"నీ నడుం చూసుకున్నావా?"

"చూశాను. చేతులు బాగానే ఉన్నాయిగా."

"భోంచేశావా?"

సుమేధ ఒక్క క్షణం ఆలోచించింది. "గుర్తులేదు," అంది.

వకుళకు ఏడుపొచ్చింది. కాని అక్కడ జరుగుతున్న పని చెడ్డది కాదు. ఊళ్ళు మునగకుండా చూడడం కంటే మంచిపని ఏముంది? అందుకే ఆమె వాదించకుండా ఒక రాయి నెత్తికెత్తుకుంది. రత్నాంగదుడూ ఎత్తుకున్నాడు. మొదటిరోజు ఆమెకు గర్వంగా అనిపించింది. తన చేతిమీదుగా వెళ్ళిన రాయి ఎవరి ఇంటినో కాపాడుతుంది. రెండోరోజు పొద్దున కాలి బొటనవేలు మొద్దుబారినట్టుంటే చూసుకుంది. గోరు చుట్టూ బూడిదరంగు పాకింది.

ఆ బరువు కింద, భయం కింద, ఆమెకు తెలియకుండానే నోట్లోంచి ఒక కూత వచ్చింది. ఏటికి ఎదురు పడవ లాగేటప్పుడు నాన్న వేసే కూత అది.

"హైలెస్సా!"

ముందు నడుస్తున్నవాడు తుళ్ళిపడి వెనక్కి చూశాడు. వకుళ మళ్ళీ అంది. రత్నాంగదుడు అందుకున్నాడు. అతడికి పాట రాదు. ఒక మాటకు ఇంకో మాట అతికించి నోటికొచ్చినట్టు కట్టాడు. రాజుగారి మీసం, వంటవాడి గరిటె, తుమ్మిన లేడి అన్నీ అందులోకి వచ్చాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వినవాడి మోకాలు టప్పున పగిలినట్టు చప్పుడై, పెచ్చులూడి, లోపల మామూలు చర్మం కనిపించింది.

"ఆపండి!"

పైనుంచి ధృతి గొంతు ఉరిమింది. ఆమె కట్ట మీద ఎత్తయిన పీట మీద కూర్చుని ఉంది. ఒంటినిండా తెల్లటి శాలువా కప్పుకుంది. "ఇది ఆటస్థలం అనుకున్నారా? కింద మనుషుల ప్రాణాలు దీనిమీద ఆధారపడి ఉన్నాయి!"

"అందుకే పాడుతున్నామమ్మా," అంది వకుళ. "పాడితే బరువు తేలికవుతుంది. నాన్న పడవ అలాగే లాగుతాడు."

కట్ట కింద పడి ఉన్న ఒక పెద్ద బండను ధృతి చూపించింది. అది ఏనుగంత ఉంది. "కట్టకు మూలరాయి అది. ఇంతవరకు ఎవరూ కదిలించలేదు. పొద్దుగుంకేలోగా మీ పాటతో దాన్ని పైకి చేర్చండి. చేర్చితే మీ మాట వింటాను. లేదా నోరు మూసుకుని రాళ్ళు మోయండి."

వందమందీ బండకు తాళ్ళు కట్టారు. వకుళ కూత వేసింది. అందరూ బదులిచ్చారు. బండ కదిలింది! జానెడు, మూరెడు, బారెడు. కొందరి కాళ్ళనుంచి పెచ్చులు రాలుతున్నాయి. సగం దారిలో ఒక పనసచెట్టు వచ్చింది. కాయలు పండి ఘుమఘుమలాడుతున్నాయి.

"ఆగుదాం. తిందాం," అంది వకుళ.

"పొద్దు వాలుతోంది!" అని అరిచింది కింద నుంచి సుమేధ.

"వాలనీ. వీళ్ళు తిని ఎన్నాళ్ళయిందో. నీకే గుర్తులేదన్నావుగా."

వాళ్ళు పనసకాయలు కోసి తొనలు పంచుకున్నారు. వకుళ కిందికి దిగి సుమేధ నోట్లో ఒక తొన పెట్టింది. సుమేధ నమిలింది. నములుతూ నములుతూ ఉండగా ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తియ్యగా ఉందే," అంది, ఆ సంగతి ఇప్పుడే కనిపెట్టినట్టు. అంతలో నడుం దగ్గర రాయి జలజలా రాలింది. ఆమె రెండు అడుగులు వేసి, వకుళ భుజం పట్టుకుని, తనూ తాడు అందుకుంది.

అయినా వాళ్ళు ఓడిపోయారు. పొద్దు గుంకే వేళకు బండ కట్టకు ఇంకా పది బారల కింద ఉండిపోయింది. తాళ్ళు వదిలేసి అందరూ రొప్పుతూ కూలబడ్డారు. ఎవరో రాకుమారుడి పాటలోని ముక్క ఒకటి మళ్ళీ అన్నారు. అంత అలసటలోనూ గుప్పున నవ్వులు లేచాయి. వందమందిలో ఒక్కరి కాలు కూడా ఇప్పుడు రాయిగా లేదు.

వకుళ తలవంచుకుని ధృతి ముందు నిలబడింది. "ఓడిపోయామమ్మా. రేపు మిగతా పది బారలూ లాగుతాం. అది మాత్రం మాటిస్తున్నాను."

ధృతి చూపు నవ్వుతున్న వాళ్ళ మీదే ఉంది. శాలువా జారింది. వకుళ గబుక్కున మోకాళ్ళ మీద కూలబడింది. ధృతి కాళ్ళు తొడల దాకా పీటతో కలిసి ఒకే బండ అయిపోయి ఉన్నాయి.

"ఎన్నాళ్ళయిందమ్మా ఇలా?"

"కొండెక్కిన వారానికే మొదలైంది," అంది ధృతి. ఆమె గొంతులో ఉరుము లేదు. "నా చెల్లెలు రోజూ సాయంత్రం వచ్చి, 'ఇక చాల్లే అక్కా, రా' అని చెయ్యి పట్టి లేపేది. నాకు లేవడం తెలియదు పిల్లా. అది లేపితేనే లేచేదాన్ని. సభలో దాన్ని అనకూడని మాట అన్నాను. వెళ్ళి క్షమించమని అడుగుదామంటే కాళ్ళు లేవు."

"ఆవిడేమో మీరొచ్చి పిలుస్తారని అక్కడ ఎదురుచూస్తున్నారు!" అంది వకుళ.

ఆ మాట పూర్తికాకముందే రత్నాంగదుడు కొండ దిగడం మొదలుపెట్టాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా ప్రమోదిని వచ్చింది. చెప్పులు లేవు. చేతులకు వంటసాల పిండి అలాగే ఉంది. లోయలోని జనమంతా ఆమె వెనక బారులు తీరి వచ్చారు. ఆమె కట్ట మీదికి ఒక్క పరుగున ఎక్కి, అక్క కాళ్ళు చూసి, నెత్తి బాదుకుంది.

"ఇలా అయితే కబురు పెట్టొద్దూ! ఇంత పంతమా నీకు?"

"పనీపాటా లేనిదానివన్నాను కదే నిన్ను."

"అన్నావులే. నేను మాత్రం నిన్ను మొద్దు రాయివనలేదూ? నా నోటి చలవే ఇది." ప్రమోదిని ఏడుస్తూ నవ్వుతూ అక్క చెయ్యి పట్టుకుంది. "ఇక చాల్లే అక్కా, రా."

ధృతి లేచింది. బండ ఫెళ్ళున పగిలింది. పగిలిన చోటనుంచి సన్నటి నీటిధార ఎగజిమ్మింది. చూస్తుండగానే అది పెద్దదై, చల్లటి నురగలతో ఎండిన వాగు దారిలోకి దూకింది.

అది పదకొండో రోజు. నడిస్తే నాలుగు రోజుల దారి. "వెదురు కొట్టండి!" అని కేకేసింది వకుళ. లోయవాళ్ళూ కొండవాళ్ళూ కలిసి గంటలో తెప్ప కట్టారు. మిగిలిన పది బారలూ బండ లాగి కట్ట పూర్తిచేస్తామని వాళ్ళు ఆమెకు మాటిచ్చారు. వకుళ తెప్ప నడిపే గెడ పట్టుకుంది. సుమేధ, రత్నాంగదుడు తెప్పను గట్టిగా కరుచుకుని కూర్చున్నారు. కొత్తనీరు వాళ్ళను విసురుగా తోసుకుపోయింది. బండల మధ్య సుడి వచ్చినప్పుడల్లా సుమేధ కళ్ళు మూసుకుని కెవ్వుమనేది. మూడో సుడి దగ్గర ఆమె కళ్ళు తెరిచి, "మళ్ళీ ఇంకోటుందా?" అని అడిగింది.

పన్నెండో రోజు పొద్దెక్కేసరికి తెప్ప విద్యాపీఠం ముంగిట్లోకి వచ్చి ఆగింది. వకుళ దోసిట్లో నీళ్ళు పట్టుకుని సరాసరి చిన్నపిల్లల గదిలోకి పరుగెత్తింది. పల్లవి పెదవులు తడిపింది. కాసేపు ఏమీ జరగలేదు. అప్పుడు పల్లవి గుటక వేసింది. కళ్ళు నులుముకుని లేచి కూర్చుని, "అక్కా, ఆకలి," అంది. వకుళ ఆ పిల్లను ఒళ్ళోకి లాక్కుని భోరున ఏడ్చేసింది.

సాయంత్రానికి మూడు వందల మందీ వాగులో ఉన్నారు. కొందరు నీళ్ళు తాగుతూ, కొందరు ఒకరిమీద ఒకరు చల్లుకుంటూ, ఇద్దరు ముగ్గురు గట్టుమీద ఆగిపోయిన పాఠం ఎక్కడ ఆగిందో వెతుక్కుంటూ. జయకేతు మహారాజు అక్కచెల్లెళ్ళను క్షమాపణ అడగడానికి కాలినడకన కొండలకు బయలుదేరాడు. ఆయన వెంట పరివారం లేదు.

తరవాత కొన్నేళ్ళకు రత్నాంగదుడు రాజయ్యాడు. సుమేధ విద్యాపీఠంలో లెక్కలూ, కట్టడాల శాస్త్రమూ చెప్పింది. ఈత కూడా ఆవిడే నేర్పింది. శివదత్తుడు వృద్ధుడై తప్పుకున్నాక ఆ విద్యాపీఠానికి వకుళ ప్రధానాచార్యురాలైంది. ఆమె హయాంలో మధ్యాహ్నం పిల్లలంతా రేవులకూ, పొలాలకూ, రోగుల ఇళ్ళకూ వెళ్ళి నేర్చిన విద్యతో ఏదో ఒక పని చేసి వచ్చేవారు. వచ్చాక చీకటిపడేదాకా ఆటలు. ఏ పిల్లయినా ఏదో ఒకటి ఎగ్గొట్టాలని చూస్తే ఆమె తిట్టేది కాదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఏమైందని అడిగేది.

కొండల్లో ఆ అక్కచెల్లెళ్ళు ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉంటున్నారు. పోట్లాటలు పూర్తిగా మానలేదు. పని పూర్తయ్యాకే భోజనమని అక్క, చల్లారిపోతుంది ముందు తినమని చెల్లెలు. అలాంటి రోజుల్లో తేటవాగు కాస్త మడ్డిగా పారుతుంది. విద్యాపీఠం పిల్లలు ఒడ్డున కూర్చుని నవ్వుకుంటూ ఎదురుచూస్తారు. కొంతసేపటికి నీళ్ళు తేటపడతాయి.